రేవులూ రుచులూ – 7: కాచడానికి నాటిన తోటలు

గత భాగంలో బోర్డో రేవు కథ చెప్పుకున్నాం. 1152లో అక్విటేన్ వారసురాలు ఎలియనోర్, ఆ తర్వాత ఇంగ్లండ్ రాజైన హెన్రీని పెళ్లాడడంతో అక్కడి వైన్‌కు లండన్ వాకిలి తెరుచుకుంది. మూడు శతాబ్దాల పాటు ఏటా శరత్కాలంలో ఓడల బారులు పీపాలు నింపుకొని ఉత్తరానికి సాగిపోయాయి. 1453లో కాస్తియోన్ యుద్ధంలో ఓడి ఆంగ్లేయులు బోర్డోను వదిలి వెళ్లిపోయారు గానీ, వాళ్ల నాలుకకు పట్టిన రుచి వాళ్లను వదల్లేదు. రాజకుటుంబాల పెళ్లి ఒక వైన్‌ను నిలబెట్టిన కథ అది.

ఈసారి అదే తీరం వెంట ఉత్తరానికి, లువార్ నది సముద్రంలో కలిసే చోటికి పోదాం. సముద్రానికి యాభై కిలోమీటర్లు ఎగువన, నది ఒడ్డున నాంత్ నగరం ఉంది. ఒకప్పటి బ్రిటనీ డచీకి అది ముఖ్యపట్టణం. ఆ డచీ 1532లో గానీ ఫ్రాన్స్‌లో పూర్తిగా కలవలేదు. నగరానికి ఆగ్నేయంగా సెవ్ర్, మెన్ అనే రెండు చిన్న నదులు పారుతున్నాయి. వాటి మధ్య మెట్టల మీద కనుచూపు మేరా ద్రాక్షతోటలే. వల్లె, క్లిసోన్, గోర్జ్, లె పల్లె, సెంట్ ఫియాక్ర్ – అన్నీ వైన్ మీద బతికే ఊళ్లు. మధ్యయుగపు తత్వవేత్త అబెలార్ పుట్టింది ఆ లె పల్లెలోనే, 1079లో.

అక్కడ తయారయ్యే తెల్ల వైన్ పేరు మ్యుస్కాదె. రంగు చాలా పలచన, వెలుగులో పెడితే కాస్త పచ్చగా కనిపిస్తుంది. పులుపు ముందుంటుంది, మత్తు తక్కువ. మంచి సీసా అయితే నాలుక చివర సన్నగా చురుక్కుమంటుంది. సువాసనలు గుప్పించే వైన్ కాదిది. చల్లగా తాగితే నోరు శుభ్రమై మళ్లీ ఆకలి పుడుతుంది. ఇవాళ ఫ్రాన్స్‌లో ఆల్చిప్పల పళ్లెం ముందు కూర్చున్నవాళ్లకు ముందుగా గుర్తొచ్చే వైన్లలో ఇదొకటి. అయితే నాలుగు వందల ఏళ్ల కిందట ఈ నేలలో తోటలు విస్తరించడానికి కారణం భోజనాల బల్ల కాదు, బట్టీ. తాగడానికి కాదు, కాచి సారా దించడానికి ఈ తోటలు నాటించారు. బట్టీ కోసం పెంచిన తోటల నుంచి బల్ల మీదికి వైన్ ఎలా వచ్చిందన్నదే ఈ భాగం కథ.

ఓడలు మొదట ఉప్పు కోసం వచ్చాయి

లువార్ ముఖద్వారానికి ఉత్తరాన గెరాంద్, దక్షిణాన బూర్నఫ్ అఖాతం. రెండు చోట్లా బంకమట్టి నేలలో కట్టిన ఉప్పుమడులు ఉన్నాయి. పోటు వేళ సముద్రపు నీరు కాలవల్లోకి ఎక్కుతుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి పారుతూ పలచగా పరుచుకుని ఎండకూ గాలికీ ఇగిరిపోతుంది. చివరి మడిలో ఉప్పు తేలుతుంది.

ఉత్తర సముద్రంలో హెర్రింగ్ చేప కోట్ల కొద్దీ పడేది. పట్టిన చేపను పట్టినట్టే ఉప్పులో వేయకపోతే కుళ్లిపోతుంది. కానీ ఆ ఉత్తరాదిన మడిలో నీరు ఇగిరేంత ఎండ లేదు. అందుకే 14వ శతాబ్దం నుంచి జర్మన్ వర్తక నగరాల ఓడలు, వాటి వెనకే హాలండ్ ఓడలు, గుంపులు గుంపులుగా బూర్నఫ్‌కు వచ్చేవి. అంత దూరం వచ్చిన ఓడ ఉప్పు ఒక్కటే ఎత్తుకుని ఎందుకు పోతుంది? పక్కనే నది, నది పక్కనే తోటలు. ఉప్పు బస్తాల పక్కన వైన్ పీపాలు చేరాయి. ఈ ప్రాంతపు వైన్ వ్యాపారానికి పునాది వేసింది హెర్రింగ్ చేప అంటే అతిశయోక్తి కాదు.

17వ శతాబ్దం వచ్చేసరికి ఐరోపాలో ఏ దేశానికీ లేనన్ని సరుకు ఓడలు హాలండ్ వాళ్లకు ఉన్నాయి. తెలుగువాళ్లకు వాళ్లు కొత్తవాళ్లు కారు. ఆ శతాబ్దం తొలి ఏళ్లలోనే గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో కోఠీ పెట్టిన వలందులు వాళ్లే. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. అక్కడ అద్దకం గుడ్డలు కొన్న చేత్తోనే ఇక్కడ నాంత్‌లో వైన్ కొన్నారు. రెండు చోట్లా పద్ధతి ఒక్కటే. ముందుగా బయానా ఇచ్చి, సరుకు తయారు కాకముందే దాన్ని తమదిగా చేసుకోవడం.

నాంత్‌లో వాళ్లకు కావలసింది మంచి వైన్ కాదు, చవక వైన్. కారణం ఓడల్లోనే ఉంది. నెలల తరబడి సాగే ప్రయాణంలో పీపాల్లో నీళ్లు పాచిపట్టి కంపు కొడతాయి. వైన్ పులిసిపోతుంది. అదే వైన్‌ను కాచి ఆవిరి పట్టి దించితే వచ్చే బ్రాందీ చెడదు. పరిమాణం బాగా తగ్గుతుంది కనుక ఓడలో చోటూ మిగులుతుంది. నావికులకు రోజూ పోయడానికీ, నీళ్లలో కలపడానికీ, రేవు రేవునా అమ్మడానికీ అదే పనికొచ్చేది. కాచడానికి పలచని, పుల్లని తెల్ల వైనే మేలు. పులుపు ఉంటే బట్టీకి చేరేదాకా చెడకుండా ఉంటుంది. ఎంత పలచనైతే అంత ఎక్కువ కాచాలి, ఆ కాచడంలోనే వాసనలు చిక్కబడతాయి.

దీనికి సరిగ్గా సరిపోయే ద్రాక్ష ఫోల్ బ్లాన్ష్. నాంత్ వాళ్లు దాన్ని గ్రో ప్లాన్ అంటారు. విరగకాస్తుంది, పళ్లు పిండేంత పులుపు. నది వెంట ఫోల్ బ్లాన్ష్ తోటలు పెరుగుతూ పోయాయి. పీపా లోపల గంధకపు వత్తి వెలిగించి, ఆ పొగతో వైన్ చెడకుండా కాపాడే ఉపాయాన్ని అక్కడ వ్యాప్తిలోకి తెచ్చినవాళ్లూ హాలండ్ వాళ్లే.

ఇక ఎగువన ఉన్న ఆంజూ రైతులను ఎందుకు అడగలేదు? వాళ్ల వైన్ మంచి పేరున్నదే. అడ్డం వచ్చింది పన్ను. ఆంజూకూ బ్రిటనీకీ సరిహద్దున, లువార్ ఒడ్డున ఇంగ్రాంద్ అనే ఊరుంది. దాన్ని దాటి సముద్రం వైపు పోయే ప్రతి పీపాకూ అక్కడ సుంకం కట్టాలి. ఆ సుంకం భరించగలిగేది ఖరీదైన వైన్ మాత్రమే. అలా ఎగువన తీయని, ఖరీదైన వైన్లు మిగిలాయి. దిగువన బట్టీకి పోయే చవక వైన్ పండింది. ఒకే నది, ఒకే గాలి. మధ్యన ఒక సుంకం చావడి రెండు రకాల వ్యవసాయాన్ని పుట్టించింది. మట్టిని బట్టే వైన్ రుచి అని వైన్ పుస్తకాలు పదే పదే చెబుతాయి. పన్ను పద్దులను కూడా చదివితే తప్ప ఆ మాట పూర్తి కాదని నా అభిప్రాయం.

అదే సరిహద్దు మీద ఇంకో పన్ను ఉంది, ఉప్పు పన్ను. ఫ్రాన్స్‌లో చాలా ప్రాంతాల ప్రజలు దాని కింద నలిగిపోయారు. బ్రిటనీకి మాత్రం ఆ పన్ను లేదు. సరిహద్దుకు ఇవతల ఉప్పు కారుచవక, అవతల ఎన్నో రెట్ల ధర. రాత్రిపూట మూటలు మోసే దొంగ వర్తకులు, వాళ్లను వేటాడే సుంకపు జవాన్లు, ఉప్పు మోయడానికి శిక్షణ ఇచ్చిన కుక్కలు – ఒక శతాబ్దానికి పైగా ఆ నదీతీరంలో ఇదే నిత్యకృత్యం. చవక ఉప్పు వల్ల బ్రిటనీ రైతు ఇంట్లో వెన్నకు దండిగా ఉప్పు పట్టించేవాళ్లు. ఈ ఉప్పు వెన్న మన కథలోకి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

తీగ నాది, నేల నీది

తోటలు నాటిన రైతు పరిస్థితి ఏమిటి? నాంత్ చుట్టుపక్కల ఒక ప్రత్యేకమైన కౌలు ఉండేది, కాంప్లాన్ అని. భూస్వామి బీడు నేల ఇస్తాడు. రైతు దాన్ని బాగుచేసి, తన ఖర్చుతో తీగలు నాటి పెంచుతాడు. కాపు మొదలయ్యాక పంటలో మూడో వంతో నాలుగో వంతో దొరకు కోరు కొలవాలి. కానీ తీగలు రైతువే. వాటిని కొడుకులకు పంచి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. తీగ బతికి ఉన్నంత కాలం దొర అతణ్ని కదిలించలేడు.

చిన్నకారు రైతుకు ఇది నిజంగా గొప్ప వరమే. కొడవలి, పార, రెండు చేతులు తప్ప ఏమీ లేనివాడు కూడా తనదంటూ ఒక తోట చేసుకోగలిగాడు. ఆ కౌలులో ఒక్క షరతు ఉంది. తీగ చస్తే హక్కూ చస్తుంది, నేల తిరిగి దొర చేతికి పోతుంది. నాటిన తీగ యాభై అరవై ఏళ్లు బతుకుతుంది కదా అన్న ధీమాతో తరతరాలుగా రైతులు ఆ షరతును పట్టించుకోలేదు.

కోత ఎప్పుడు మొదలుపెట్టాలో రైతు చేతిలో లేదు. తేదీని అధికారికంగా చాటింపు వేసేవాళ్లు. అంతకు ముందు గుత్తి కోస్తే తప్పు. కోరు వసూలు చేసే దొర మనుషులు గట్టు మీద కాచుకుని ఉండేవాళ్లు. మంచి వైన్ దొరకూ బ్రాందీ వర్తకుడికీ పోయాక, రైతు ఇంట్లో తాగేది పిప్పి నీళ్లు. గానుగలో పిండగా మిగిలిన పిప్పి మీద నీళ్లు పోసి ఊరనిచ్చి తీసిన పలచని పానీయం అది. దానితో పాటు జొన్నరంగు ముతక రొట్టె, నల్ల బక్‌వీట్ పిండితో పెనం మీద పోసిన అట్లు, నదిలో దొరికిన చేప.

హాలండ్ వాళ్ల మీద నాంత్ వర్తకులకు కడుపుమంట ఎక్కువగా ఉండేది. తమ నదిలో, తమ రేవులో లాభమంతా పరాయివాళ్లు ఎత్తుకుపోతున్నారని గగ్గోలు పెట్టేవాళ్లు. 14వ లూయీ మంత్రి కోల్బేర్‌దీ అదే బాధ. 1664లో, 1667లో దిగుమతి సుంకాలు పెంచి హాలండ్ వ్యాపారాన్ని దెబ్బకొట్టాలని చూశాడు. 1672లో యుద్ధమే వచ్చింది. 1685లో రాజు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దుచేశాడు. దానికి హామీ ఇచ్చిన 1598 నాటి శాసనం ఇదే నాంత్ నగరం పేరు మీద ఉంది. రద్దు తర్వాత వేలాది ప్రొటెస్టెంట్లు దేశం వదిలారు. వ్యాపారం కుంటుపడింది, మళ్లీ లేచింది. బట్టీలు మాత్రం ఆరలేదు.

ఆరకపోవడానికి ఒక చీకటి కారణం కూడా ఉంది, దాన్ని దాటవేసి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. 18వ శతాబ్దంలో నాంత్ ఫ్రాన్స్‌లోకెల్లా పెద్ద బానిస వ్యాపార రేవు. ఫ్రెంచి ఓడలు సాగించిన బానిస వ్యాపారంలో 40 శాతానికి పైగా ఇక్కడి నుంచే నడిచింది. ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి ఓడల్లో తీసుకెళ్లిన సరుకుల్లో బ్రాందీ పీపాలున్నాయి, తుపాకులున్నాయి, అన్నిటినీ మించి గుడ్డలున్నాయి. ఆ గుడ్డల్లో చాలా భాగం భారతదేశానివి. మచిలీపట్నంలో 1669లో ఫ్రెంచి కంపెనీ కోఠీ వెలిసింది. తర్వాత పుదుచ్చేరి, 1720ల్లో యానాం. ఈ తీరాల్లో నేసి అద్దిన గుడ్డలను 1730ల తొలినాళ్ల దాకా కంపెనీ నాంత్‌లోనే వేలం వేసేది. 1686 నుంచి 1759 దాకా ఫ్రాన్స్‌లో అద్దకం నూలు గుడ్డలు అమ్మడం నిషేధం. ఆఫ్రికాకు పంపడానికి మాత్రం అడ్డు లేదు. మన నేతగాళ్లకు, అద్దకం పనివాళ్లకు తమ గుడ్డ ఎవరి మెడకు ఉరి అవుతోందో తెలిసే దారే లేదు. సెవ్ర్ ఒడ్డు రైతుకు తన వైన్ గతీ తెలియదు. నాంత్ నగరం 2012లో లువార్ గట్టు మీద బానిసత్వ నిర్మూలన స్మారకాన్ని కట్టింది. ఆ పని ఎంతో ముందే జరగవలసింది.

1709: పీపాల్లో వైన్ గడ్డకట్టిన చలికాలం

1709 జనవరి 5 సాయంత్రం దాకా ఆ ఏడాది చలి మామూలుగానే ఉంది. వాన కూడా పడింది, నేల నానివుంది. ఆ రాత్రి గాలి ఉత్తరానికి మళ్లింది. తెల్లవారేసరికి వాగులు రాయి అయ్యాయి. పారిస్‌లో చలి సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పడింది. పశువులు కొట్టాల్లో నిలుచున్నచోటే చచ్చాయి. అడవుల్లో వాల్‌నట్ చెట్లు, ఓక్ చెట్లు నిలువునా చీలుతుంటే ఆ చప్పుడు తుపాకీ పేలినట్టుండేదట. వెర్సాయ్ రాజభవనంలో, మంట మండుతున్న గదుల్లోనే, సీసాల్లో పానీయాలు గడ్డకట్టి గాజు పగిలింది. సెన్ సిమోన్ ప్రభువు తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాశాడు. రాజు ఇంట్లోనే అలా ఉంటే, మట్టి నేల మీద గడ్డి పరుచుకు పడుకున్న రైతు గుడిసెలో ఎలా ఉందో ఊహించుకోవలసిందే.

జనవరి చివర్లో మంచు కరిగింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. అసలు నష్టం అక్కడే జరిగింది. కరిగిన నీరు పొలాల్లో నిలిచింది. ఫిబ్రవరిలో మళ్లీ చలి విరుచుకుపడి ఆ నీటిని గడ్డకట్టించింది. నేలలో ఉన్న గోధుమ వేర్లతో సహా చచ్చింది. వసంతంలో కొందరు ఆ చచ్చిన పొలాల్లోనే బార్లీ చల్లి కొంతవరకు బయటపడ్డారు. మిగతా చోట్ల ధాన్యం ధర ఆకాశానికి ఎక్కింది. అప్పటికే స్పెయిన్ వారసత్వ యుద్ధంతో ఖజానా ఖాళీ. రాజు తన వెండి సామాను కరిగించి నాణేలు పోయించాడు. ఆకలీ రోగాలూ కలిసి ఆ రెండేళ్లలో ఫ్రాన్స్‌లో దాదాపు ఆరు లక్షల ప్రాణాలు తీశాయని చరిత్రకారుల అంచనా.

నాంత్ చుట్టూ ద్రాక్షతోటలు నల్లబడ్డాయి. కొమ్మ ఎండితే కత్తిరించవచ్చు, మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఈసారి మొదళ్లే పగిలిపోయాయి. కాంప్లాన్ రైతుకు అది ఎంతటి భయమో ఇప్పుడు మనకు అర్థమవుతుంది. తీగ చచ్చిందంటే పంట ఒక్కటే పోలేదు, హక్కూ ప్రమాదంలో పడింది. వెంటనే తిరిగి నాటాలి, మళ్లీ ఇలాంటి చలి వచ్చినా బతికేదే నాటాలి.

అప్పుడు రైతుల కళ్లు మెలోన్ అనే ద్రాక్ష మీద పడ్డాయి. దాని పుట్టిల్లు బుర్గుండీ. జన్యు పరీక్షలు ఈ కాలంలో తేల్చిన ప్రకారం పినో జాతికీ, గ్వె బ్లాన్ అనే నాటు ద్రాక్షకూ పుట్టిన సంతానం అది. షార్డొనేకూ తల్లిదండ్రులు వీళ్లే. షార్డొనేను బుర్గుండీ నెత్తిన పెట్టుకుంది, మెలోన్‌ను మాత్రం నాణ్యత లేదని పక్కకు నెట్టింది. ఈ మెలోన్ 17వ శతాబ్దంలోనే అక్కడక్కడ నాంత్ తోటల్లోకి చేరింది. 1709 చలికి అది చాలాచోట్ల నిలదొక్కుకుంది. పైగా తొందరగా పండుతుంది. శరత్కాలపు వానలు ముంచుకురాకముందే కోత అయిపోతుంది. సముద్రపు గాలి కొట్టే ఆ తడి నేలలో ఇది చిన్న లాభం కాదు.

తోటలన్నీ ఒక్కసారిగా మారిపోలేదు. గ్రో ప్లాన్ ఇంకా చాలాకాలం పక్కపక్కనే పెరిగింది. అయినా 18వ శతాబ్దమంతా మెలోన్ మడి మడికీ పాకుతూ పోయింది. దాని వైన్‌ను కాచడం కంటే తాగడమే మేలని మెల్లగా జనానికి తెలిసివచ్చింది. ఆ వైనే మ్యుస్కాదె. చలికాలపు గడ్డకు తట్టుకునే ఈ తీగ వసంతంలో లేతచిగురు వేసినప్పుడు మాత్రం మంచు పడితే ఓర్చుకోలేదు. 1991 ఏప్రిల్లో, 2021 ఏప్రిల్లో నాంత్ రైతులు రాత్రికి రాత్రి పంట పోగొట్టుకున్నది అందుకే.

మడ్డి మీద నిద్ర

మెలోన్ రసానికి స్వతహాగా పెద్ద వాసన లేదు. దానికి నిండుదనాన్ని ఇచ్చింది నాంత్ రైతుల అలవాటు. శరత్కాలంలో రసం పులిసి వైన్ అయ్యాక, పని ముగిసిన ఈస్ట్ అడుగున మడ్డిగా పేరుకుంటుంది. చాలా ప్రాంతాల్లో వైన్‌ను ఆ మడ్డి నుంచి త్వరగా వేరుచేసి ఇంకో పీపాలోకి మారుస్తారు. ఇక్కడ కదిలించరు. చలికాలమంతా వైన్ ఆ మడ్డి మీదే పడుకుంటుంది. మడ్డి ఆక్సిజన్‌ను తనలోకి లాక్కుని వైన్‌ను తాజాగా ఉంచుతుంది. ఈస్ట్ కణాలు మెల్లగా విచ్చుకుని కాస్త చిక్కదనాన్ని, అప్పుడే కాల్చిన రొట్టె వాసనను ఇస్తాయి. కదిలించలేదు కాబట్టి పులిసేటప్పుడు పుట్టిన వాయువు కొంత అందులోనే మిగులుతుంది. నాలుక మీది ఆ చురుకుకు కారణం అదే.

ఈ అలవాటు ఎలా మొదలైందో ఆ ఊళ్లలో ఒక కథ చెబుతారు. ఇంట్లో పెళ్లికో పండక్కో రైతు ఒక మంచి పీపా వేరుగా దాచేవాడట. ఎవరూ ముట్టరు, మార్చరు. పెళ్లినాడు తెరిచి చూస్తే అమ్మిన వైన్ కంటే అదే రుచిగా, తాజాగా ఉండేదట. కథ ఎంతవరకు నిజమైనా, చేతిపని రహస్యం అందులో సరిగ్గానే ఉంది. ఇప్పుడు ఇది చట్టంలోకి ఎక్కింది. సీసా మీద స్యూర్ లీ (మడ్డి మీద) అని రాయాలంటే వైన్ చలికాలం మడ్డి మీద గడపాలి, వసంతంలో గానీ సీసాకు ఎక్కకూడదు. 1936లో సెవ్ర్, మెన్ నదుల మధ్య ప్రాంతానికీ, లువార్ గట్ల ప్రాంతానికీ, మరుసటి ఏడాది మిగతా మ్యుస్కాదెకూ ప్రభుత్వం ప్రాంతనామపు గుర్తింపు ఇచ్చింది. మత్తు ఇంతకు తగ్గకూడదని చాలా వైన్లకు నియమం ఉంటుంది. మ్యుస్కాదెకు 12 శాతం మించకూడదని పెట్టారు. ఆ నియమం పెట్టినవాళ్లకు తమ వైన్ బలం ఎక్కడుందో బాగా తెలుసు.

బల్ల మీద ఎవరు పక్కన కూర్చుంటారు

ఇక తిండి. కాథలిక్ ఫ్రాన్స్‌లో ప్రతి శుక్రవారం, ఈస్టర్‌కు ముందు నలభై రోజులు, ఇంకా ఎన్నో పర్వదినాల ముందురోజుల్లో మాంసం ముట్టకూడదన్న నియమం ఉండేది. అన్నీ కలిపితే ఏడాదిలో దాదాపు మూడో వంతు. ఆ రోజులన్నీ చేప రోజులే. నదీ సముద్రమూ కలిసే చోట ఉన్న నాంత్‌కు చేపకు కొదవేముంది? లువార్‌లో పైక్, ఈల్, వసంతంలో ఎదురీదే సాల్మన్. సముద్రంలో సార్డీన్, గుల్లలు, ఆల్చిప్పలు. చేపతో పుల్లని తెల్ల వైన్ తాగడం ఏ వంటవాడో కనిపెట్టింది కాదు. చేతికి అందింది అదే, నోటికి నచ్చిందీ అదే.

ఎందుకు నచ్చిందో రుచి లెక్కలోనూ తేలుతుంది. వేయించిన చేప మీద నిమ్మకాయ పిండితే ఏం జరుగుతుందో మ్యుస్కాదె కూడా అదే చేస్తుంది. కొవ్వును కోసి, ఉప్పును మెత్తబరిచి, నీచు వాసనను అణుస్తుంది. ఎర్ర వైన్‌తో ఆల్చిప్ప తింటే నోట్లో లోహం వాసన వస్తుందని చాలామంది గమనించే ఉంటారు. చేపల కొవ్వుతో వైన్‌లోని ఇనుము కలవడమే దానికి ముఖ్య కారణమని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. వగరూ ఇనుమూ తక్కువగా ఉండే తెల్ల వైన్‌కు ఆ బాధ తక్కువ.

ఆల్చిప్పను పచ్చిగానే తింటారు. చిప్ప తెరిచి, లోపలి ఉప్పునీటితో సహా. పక్కన రై రొట్టె, దాని మీద ఇందాక గుర్తుంచుకొమ్మన్న ఉప్పు వెన్న. ఈ ఆల్చిప్ప కూడా రెండుసార్లు మారింది. అనాదిగా ఆ తీరంలో ఉన్నది బల్లపరుపు చిప్ప. 1868లో తుపానుకు చిక్కిన ఒక ఓడ, చచ్చిపోయాయనుకున్న పోర్చుగీసు ఆల్చిప్పలను జిరోండ్ నదీముఖంలో పారబోసింది. వాటిలో బతికున్నవి తీరమంతా అల్లుకున్నాయి. 1920 ప్రాంతంలో బల్లపరుపు చిప్పలను రోగం ఊడ్చేసింది. 1970 నాటికి పోర్చుగీసు చిప్పల వంతు వచ్చింది. ఆ తర్వాత జపాన్ నుంచి తెచ్చిన జాతే ఇవాళ ఫ్రాన్స్ పళ్లెంలో కనిపించేది. చిప్ప మారినా పక్కన గ్లాసు మారలేదు.

మసెల్ గుల్లలను చిన్న ఉల్లిపాయలు, వెన్న, ఒక గ్లాసు మ్యుస్కాదె వేసి మూతపెట్టి ఉడికిస్తారు. అదే సీసాలో మిగిలినది తినేటప్పుడు పోసుకుంటారు. సార్డీన్‌ను నిప్పుల మీద కాల్చి తింటారు. అదే సార్డీన్‌ను నూనెలో వేసి డబ్బాలకెక్కించే పరిశ్రమను 1820ల్లో నాంత్‌లో మొదలుపెట్టినవాడు జోసెఫ్ కోలన్. 1851లో పారిస్ నుంచి నాంత్‌కు రైలు వచ్చాక ఈ వైన్ రాజధానికి పోవడం సులువైంది.

అన్నిటిలోకీ నాకు ఎక్కువ ఇష్టమైన జోడీ పైక్ చేప, బెర్ బ్లాన్ అనే వెన్న సాస్. కథలో కాస్త ముందుకు దూకి దీన్ని చెబుతాను. 19వ శతాబ్దం చివర్లో, నాంత్‌కు ఎగువన లువార్ ఒడ్డున ఉన్న లా షెబ్యూయెత్ అనే పల్లెలో క్లెమాన్స్ లెఫెవ్ర్ అనే వంటావిడ ఉండేది. ఆమె గుడ్డు సొనతో చేసే బెయార్నేజ్ సాస్ చేయబోయి సొన వేయడం మరిచిపోయిందని, అలా ఈ సాస్ పుట్టిందని ఆ ప్రాంతంలో అంటారు. నేను ఆ మాట నమ్మను. మరుపుతో ఇంత సున్నితమైన వంట పుట్టదు. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలను వెనిగర్‌లోనో మ్యుస్కాదెలోనో వేసి తడి దాదాపు ఇగిరేదాకా మరిగించాలి. తర్వాత చల్లని వెన్నను ముక్క ముక్కగా వేస్తూ సన్న సెగ మీద ఆపకుండా గిలకొట్టాలి. ఒక్క క్షణం ఎక్కువ కాగితే విరిగి నూనె తేలుతుంది. సరిగ్గా కుదిరితే పాలమీగడలా తెల్లగా నిలుస్తుంది. దీన్ని చేసిన చేతికి సెగ మీద ఏళ్ల సాధన ఉండితీరాలి. ఉడికించిన పైక్ మీద ఆ సాస్ పోసి, పక్కన మ్యుస్కాదె పెడితే, నది చేపా, ఉప్పు పన్ను లేని నేల వెన్నా, చలి మిగిల్చిన తీగా ఒక్క పళ్లెం దగ్గర కలుస్తాయి.

కౌలులో దాగిన షరతు

మళ్లీ వెనక్కి, 1789కి. ఆగస్టు 4 రాత్రి వెర్సాయ్‌లో ప్రభువుల హక్కులు రద్దయ్యాయి. కాంప్లాన్ రైతులు తమ కోరు కూడా పోయినట్టేనని, తోట తమదేనని ఆశపడ్డారు. 1793లో విప్లవ ప్రభుత్వం మీద వాందే ప్రాంతపు తిరుగుబాటు చెలరేగింది, క్లిసోన్ తగలబడింది. మరుసటి ఏడాది జనరల్ తుర్రో పంపిన సైన్యపు దళాలు ఊరూరా ఇళ్లనూ పొలాలనూ కాల్చుకుంటూ వెళ్లాయి. ఆ రక్తపాతం సద్దుమణిగాక 1800లో ప్రభుత్వ మండలి తేల్చింది: కాంప్లాన్ అనేది ప్రభువుల హక్కు కాదు, నేల కౌలు. కాబట్టి కోరు కట్టాల్సిందే, నేల దొరదే. తీగ బతికున్నంత కాలమే రైతు హక్కు అన్న పాత షరతు చెక్కుచెదరలేదు.

ఆ షరతు ఇంకో ఎనభై ఏళ్లు అలాగే నిద్రపోయింది. 1880ల్లో అమెరికా నుంచి వచ్చిన కంటికి ఆనని ఒక పురుగు వేరు వేరునూ కొరుకుతూ నాంత్ తోటల్లోకి దిగింది. తీగలు వేల ఎకరాల్లో చచ్చాయి. దొరలు పాత పత్రాలు బయటికి తీశారు. తీగ లేదు కాబట్టి నేల మాది అన్నారు. రైతులు గొడ్డలి పట్టుకుని అడ్డం నిలబడ్డారా, కోర్టుకెక్కారా, 1898 నాటి చట్టం వాళ్లకు ఏం ఇచ్చింది, అమెరికా పురుగుకు అమెరికా వేరే ఎలా మందయింది – ఇవన్నీ వచ్చే భాగంలో.